అన్నారా, చెప్పారా: ఓఈటీ దాకా నా అనుభవం

ఆ వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "డాటర్ టోల్డ్ దట్ ఐ గేవ్ మార్నింగ్ ఇన్సులిన్." నైట్ డ్యూటీ చివర్లో, కళ్ళు మండుతుంటే, నర్సెస్ నోట్స్‌లో నా చేత్తో నేనే రాశాను.

తెల్లవారి ఆరున్నరకు ఒక షుగర్ పేషెంటు అడ్మిట్ అయింది. అరవై దాటిన పెద్దావిడ. కూతురు నా దగ్గరికొచ్చి, "సిస్టర్, పొద్దున ఇన్సులిన్ ఇంట్లోనే నేనిచ్చాను" అంది. ఆమె మాట మరిచిపోకుండా రాయాలనే ఆత్రంలో రాసేశాను. హ్యాండోవర్ హడావిడిగా ముగించి బస్టాపుకు వచ్చానో లేదో ఇంచార్జి సిస్టర్ ఫోను. ఆమెది కేరళ, తెలుగు అంతంత మాత్రం. "ఇన్సులిన్ నువ్విచ్చావా? మెడిసిన్ చార్టులో సంతకం లేదేం?" అని అడిగింది. నేనెందుకిస్తాను అనుకున్నాను. ఆమె నా వాక్యం చదివి వినిపించాక కాళ్ళు వణికాయి. చదివిన వాళ్ళకు 'ఐ' అంటే నేనే. డాక్టరు ఆర్డరు లేకుండా, సంతకం పెట్టకుండా, డ్యూటీ నర్సు ఇన్సులిన్ ఇచ్చిందని దాని అర్థం.

ఆమె తొందరపడలేదు. డోసు ఆపి, షుగర్ చూసి, ఆ తర్వాతే నాకు ఫోన్ చేసింది. వెనక్కి వెళ్ళాను. పాత వాక్యం కనిపించేలా ఒక్క గీత కొట్టి, సంతకం, తేదీ, టైము వేసి, కింద కొత్తగా రాయించింది: "డాటర్ స్టేటెడ్ దట్ షి హ్యాడ్ గివెన్ ది పేషెంట్ హర్ మార్నింగ్ ఇన్సులిన్ ఎట్ హోమ్."

నాది కడప జిల్లాలో ఒక పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక హైదరాబాదులో ఉద్యోగం. గ్రామర్ పుస్తకాల్లో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ మార్కుల కోసం చేసిన దాన్నే. ఆ చాప్టర్ ఒక మనిషికి ఎక్కించే మందు దాకా వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

తప్పు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని పట్టుపట్టాను. మన 'అని' మామూలు మాట కాదు. అవతలి మనిషి నోట్లోంచి వచ్చిన మాటను చెక్కు చెదరకుండా తెచ్చి మన వాక్యంలో పెడుతుంది. "ఇచ్చానని చెప్పింది" అంటాం. ఆ 'ఇచ్చాను' చివర ఉన్న 'ను' కూతురిదే, నాది కాదు. ఆ సంగతి తెలుగువాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో అలా కుదరదు. కొటేషన్ మార్కులు లేకుండా మాట మోసేటప్పుడు 'ఐ' కాస్తా 'షి' అయిపోవాలి, జరిగిపోయిన పని ఇంకో మెట్టు వెనక్కి వెళ్ళి 'హ్యాడ్ గివెన్' కావాలి. నేను తెలుగు 'అని'ని యథాతథంగా 'దట్' చేసి, 'నేను'ను యథాతథంగా 'ఐ' చేశాను. జరిగింది అదే.

ఆ తర్వాత యూకే వెళ్ళాలని ఓఈటీ నర్సింగ్‌కు, అంటే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు, తయారీ మొదలుపెట్టాను. అక్కడ నర్సులను నమోదు చేసే సంస్థ ఎన్ఎంసీ, దాని రిజిస్ట్రేషన్‌కు రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ మూడింటిలో 350, రైటింగ్‌లో 300 రావాలి. మాక్ టెస్టులు దిద్దిన మేడమ్, రైటింగ్ కోసం నేను రాసిన ఉత్తరాల్లో ఎర్ర గీతలన్నీ ఒకే చోట పెట్టేది: 'సెడ్ మీ', 'టోల్డ్ టు డాక్టర్', 'ఎక్స్‌ప్లెయిన్డ్ హిమ్', 'ఇన్ఫార్మ్డ్ టు సన్'. రూల్సు రాసిచ్చేది, నేను బట్టీ పట్టేదాన్ని, పొద్దున్నకు మళ్ళీ అవే తప్పులు.

దారి చూపింది మా అమ్మ. మా నాన్నను కంటి డాక్టరుకు చూపించిన రోజు రాత్రి ఫోన్లో గబగబా అడిగింది: "డాక్టరు ఏమన్నాడే? నాకెందుకు చెప్పలేదు?" ఫోన్ పెట్టేశాక ఆ రెండు ముక్కలూ ఇంగ్లీషులో అనుకుని చూశాను. "వాట్ డిడ్ ది డాక్టర్ సే? వై డిడ్ంట్ యు టెల్ మీ?" ఒక్క పొల్లు తేడా లేదు. అనడం 'సే', చెప్పడం 'టెల్'. చిన్నప్పటి నుంచీ 'చెప్పు' అంటే 'టెల్', 'చెప్పు' అంటేనే 'సే' అని కలిపి నేర్చుకుని, 'అను'ను పక్కన పడేశాం. నాకు తెలిసి ఏ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులోనూ ఈ మాట ముందు చెప్పరు. చెప్పాలి.

ఆ రాత్రి నోటుబుక్కు తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. నిజం చెప్తాం, అబద్ధం చెప్తాం, కథ చెప్తాం. నిజం అన్నాడు, కథ అన్నాడు అనం. ఇంగ్లీషులోనూ మూడూ 'టెల్'. సారీ, థాంక్స్, హలో దగ్గర మాత్రం మనం చెప్తాం కాబట్టి 'టెల్ థాంక్స్' వచ్చేస్తుంది. కానీ "థాంక్స్ అన్నాడు" అని కూడా అంటాం కదా, అందుకే 'సే'. నోట్లోంచి వచ్చిన మాట అదే అయితే 'అను' పడుతుంది, 'సే' పడుతుంది. పాఠం చెప్పడం, టీ చెప్పడం వేరే దారి. అవి 'టీచ్', 'ఆర్డర్'.

ఇక 'కు' దగ్గర నాకు చాలా రోజులు పట్టింది. నాకు చెప్పాడు, డాక్టరుకు తెలియజేశాను, కొడుక్కి వివరించాను. మూడింటికీ మనం 'కు' పెడతాం. ఇంగ్లీషులో 'టెల్', 'ఇన్ఫార్మ్' రెండూ మనిషిని నేరుగా పట్టుకుంటాయి, మధ్యలో 'టు' ఒప్పుకోవు. 'ఎక్స్‌ప్లెయిన్' మాత్రం 'టు' లేకుండా మనిషి దగ్గరికి రాదు. 'సే' కూడా అంతే. నాతో అన్నాడు, 'సెడ్ టు మీ'. అడగడంలో నాకెప్పుడూ తప్పు రాలేదు, ఎందుకో అప్పుడు అర్థమైంది. మనం డాక్టరును అడుగుతాం, డాక్టరుకు అడగం.

మాక్ టెస్టుల్లో స్పీకింగ్ రోల్‌ప్లేలో, అంటే నేను నర్సుగా పేషెంటుతో మాట్లాడే చోట, కార్డు తెరిస్తే కనిపించేవి ఈ మాటలే: ఎక్స్‌ప్లెయిన్, అడ్వైజ్, రీఅష్యూర్, ఫైండ్ అవుట్. వాటికి తోడు కేస్ షీట్ల భాష ఒకటి ఉంది. "పేషెంట్ డినైస్ చెస్ట్ పెయిన్" అని మొదటిసారి చదివినప్పుడు, పేపర్లో మంత్రి ఆరోపణను ఖండించినట్టు పేషెంటు దేన్ని ఖండిస్తున్నాడో అర్థం కాలేదు. ఛాతీలో నొప్పి ఉందా అంటే లేదన్నాడు, అంతే. 'కంప్లెయిన్స్ ఆఫ్ హెడేక్' అన్నా ఫిర్యాదు కాదు, తలనొప్పి అంటున్నాడు. 'స్టేట్స్', 'రిపోర్ట్స్' కూడా ఆ 'అంటున్నాడు'లే. మనం కళ్ళతో చూడనిది, పేషెంటు నోట విన్నది అని చెప్పే గుర్తులు అవి. వాటిని వదిలేసి "హెడేక్ ఉంది", "ఇన్సులిన్ ఇచ్చారు" అని రాస్తే ఎవరు చూశారు, ఎవరు అన్నారు అన్నది పోతుంది. నా దృష్టిలో నర్సు రాతకు ప్రాణం అక్కడే ఉంది.

మొదటిసారి రైటింగ్‌లో 290 దగ్గర ఆగిపోయాను. ఆ పది మార్కుల కోసం మూడు నెలలు, డ్యూటీ అయ్యాక రోజూ పేషెంట్ల బంధువులు తెలుగులో అన్న ఐదు మాటలు, పేర్లు లేకుండా నోటుబుక్కులో రాసుకుని, పక్కన ఇంగ్లీషులో మోసేదాన్ని. "మా నాయన రాత్రంతా నిద్ర పోలేదు సిస్టర్." ఎవరు అన్నారు, ఎవరికి అన్నారు, నిద్ర పోనిది ఎవరు. ఈ మూడూ పెన్సిలుతో గీత గీసుకుని, ఆ తర్వాతే 'హిస్ సన్ రిపోర్టెడ్ దట్' అని మొదలుపెట్టేదాన్ని. రెండోసారి 340 వచ్చింది, స్పీకింగ్‌లో 370.

ఫలితం వచ్చిన సాయంత్రం ముందు ఇంచార్జి సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఆమె నవ్వి, "అమ్మకు చెప్పావా?" అని తెలుగులోనే అడిగింది. చెప్పలేదు. వెంటనే చేశాను.