పర్లాకిమిడి పిన్ని

విశాఖలో నేను చేసే పనేంటని ఇంట్లో అడిగితే "ఏదో ఫిజియోథెరపీ మెషిన్" అనేసేదాన్ని. మొన్న పర్లాకిమిడి వెళ్తే, పిన్ని వంటింటి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. దగ్గినా తుమ్మినా చీర తడుస్తోందట. అందుకే పెళ్లిళ్లకు రావడం లేదు. మేమేమో మోకాళ్ల నొప్పులనుకున్నాం!

మేం తయారుచేసే మెషిన్ గురించి చెప్పాను. యోనిలో పెట్టే చిన్న ప్రోబ్, మిల్లీ ఆంపియర్లలో కరెంటు. మూత్రాన్ని ఆపే కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. దగ్గితే కారేవాళ్లకు సాధారణంగా 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 పల్స్‌లు; ఆపుకోలేని తొందరకు 10.

"షాక్ కొట్టదు కదే?"

ఒంటికి బదులుగా 500 ఓమ్‌ల రెసిస్టర్‌కి కలిపి, ఆసిలోస్కోప్ తెర మీద కరెంటు పల్స్ చూశాకే ప్యాక్ చేస్తామన్నాను. సగం నమ్మింది.

ముందు బరంపురంలో డాక్టరమ్మకు చూపిద్దాం, కొందరికి వ్యాయామాలతోనే తగ్గుతుంది అన్నాను. సోమవారం వెళ్తున్నాం. బాబాయికి మాత్రం మోకాళ్లకనే చెప్పాం.