సగం కీలా, పూర్తి కీలా?

మేడ మెట్ల మీద జారిపడేనాటికి నాకు 68 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డులో నడిచేదాన్ని. తుంటి కీలులో తొడ ఎముక తలకు కిందుండే సన్నని భాగం, అంటే ఎముక మెడ, విరిగి ముక్కలు పక్కకు జరిగాయని ఎక్స్‌రేలో తేలింది.

స్క్రూలు వేసి అతికిస్తే నా కీలు నాకే మిగులుతుంది కదా అని డాక్టరుగారిని అడిగాను. ఎముక తలకు రక్తాన్ని అందించే సన్నని నాళాలు మెడను ఆనుకునే పైకి వెళతాయని, ముక్కలు జరిగినప్పుడు అవి దెబ్బతింటాయని, తరువాత ఎముక అతుక్కోక, లేదా తల చచ్చుబడి మళ్లీ ఆపరేషన్ చేయవలసి రావచ్చునని, చిన్న వయసువారిలోనే ఎక్కువగా ఆ ప్రయత్నం చేస్తారని ఆయన చెప్పారు.

ఇక తేలవలసింది, ఎముక తలను మాత్రమే మార్చే బైపోలార్ అనే సగం మార్పిడా, ఆ తల ఇమిడే గిన్నెను కూడా మార్చే పూర్తి కీలు మార్పిడా అన్నది. "చిన్న ఆపరేషనే మంచిదమ్మా" అన్నాడు మా అబ్బాయి. అతని మాటలో న్యాయం ఉంది: బైపోలార్‌కు పట్టే సమయం తక్కువ, కీలు జారే భయమూ తక్కువ. అయితే లోహపు తల సొంత గిన్నెలోని మృదులాస్థిని రాసుకుంటూ ఉంటుంది కనుక, బాగా తిరిగేవారిలో కొన్నేళ్లకు అది అరిగి నొప్పి రావచ్చు. 50 ఏళ్లు దాటిన 1,495 మందితో 10 దేశాల్లో జరిగి 2019లో వెలువడిన అధ్యయనాన్ని కూడా డాక్టరుగారు దాపరికం లేకుండా వివరించారు. రెండేళ్లలో మరో శస్త్రచికిత్స అవసరమైనవారు పూర్తి మార్పిడిలో 7.9 శాతం, సగం మార్పిడిలో 8.3 శాతం; కీలు పట్టు తప్పినవారు మాత్రం వరుసగా 4.7, 2.4 శాతం. నొప్పి, నడక విషయంలో పూర్తి మార్పిడి కొద్దిగానే మెరుగు.

నేను పూర్తి మార్పిడినే కోరుకున్నాను. రెండేళ్ల లెక్క నాకు చాలదు. అంతకంటే చాలా కాలం నడవాలన్నది నా కోరిక. దానికి మూల్యంగా నేల మీద బాసింపట్టు వేసుకొని పూజ చేయడం మానుకున్నాను. ఎత్తు కుర్చీలోనే కూర్చుంటున్నాను. మంచం దిగడమే కష్టమైన మా పెద్దక్కకైతే బైపోలారే సరైనదని ఇప్పటికీ నమ్ముతాను.

నడుముకు మత్తు ఇచ్చి, సిమెంటుతో కీలు అమర్చారు. మరునాడే వాకర్ పట్టుకొని నిలబడ్డాను. మొదట్లో ప్రతి అడుగూ ఏడిపించింది. ఫిజియోథెరపీ మానకపోవడం వల్ల కర్ర సాయంతో, ఆ తరువాత కర్ర లేకుండానే నడవగలిగాను.

ఫిజియోథెరపీ గదిలో కలిసినవారిలో చాలామందికి ఎముకలు గుల్లబారడానికి చికిత్స మొదలే కాలేదు. తుంటి విరిగి ఆపరేషన్ అయినవారికి ఏడాదికోసారి, ఎముక కరిగిపోవడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ ఆమ్లం అనే మందు ఎక్కిస్తే కొత్తగా ఎముకలు విరగడం తగ్గుతుందని 2007లోనే తేలింది. మూత్రపిండాల పరీక్ష చేయించుకొని, విటమిన్ డి లోటు సరిచేసుకున్నాక నేనూ ఆ మందు ఎక్కించుకున్నాను.