రాజుల వేట అడవులు, నేటి నేషనల్ పార్కులు: ఇప్పటిదాకా చూసినవి

ఒకప్పుడు రాజులు వేటాడి, తర్వాత నేషనల్ పార్కులైన అడవులను ఒక్కొక్కటిగా చూసిరావడం కొంతకాలంగా నా హాబీ. వెళ్లే ముందు ఆ అడవి చరిత్ర చదువుతాను, వెళ్లాక ఆ ఆనవాళ్లు వెతుకుతాను. ఇందులో ఒక లాభం ఉంది: పులి కనబడకపోయినా డబ్బు దండగ అనిపించదు.

ఈ శీతాకాలం రాజస్థాన్‌లోని రణథంబోర్, భరత్‌పూర్ కలిపి చూశాను. రణథంబోర్‌కు దిగాల్సిన సవాయ్ మాధోపూర్, భరత్‌పూర్ స్టేషన్లు రెండూ ఢిల్లీ నుంచి కోటా మీదుగా ముంబై వెళ్లే రైలు మార్గంలోనే ఉన్నాయి కాబట్టి ఒకే ప్రయాణంలో తేలిగ్గా అయిపోతాయి.

రణథంబోర్ జైపూర్ రాజుల వేట అడవి. 1955లోనే అభయారణ్యం అయింది. అయినా 1961లో ఎలిజబెత్ రాణితో పాటు వచ్చిన ప్రిన్స్ ఫిలిప్ ఇక్కడ పులిని కాల్చాడు. అతిథి పెద్దవాడైతే అభయం ఎవరికో మరి! 1973లో పులుల సంరక్షణ పథకమైన ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది, 1980లో నేషనల్ పార్క్ అయింది. సఫారీకి ఆరు సీట్ల జిప్సీ (ఓపెన్ జీపు) దొరికితే మంచిది. ఇరవై సీట్ల క్యాంటర్‌లో (ఓపెన్ బస్సులో) మాటల సందడే ఎక్కువ. బుకింగ్‌లో ఇచ్చిన ఐడీ ఒరిజినలే వెంట ఉండాలి. అడవిలోని రణథంబోర్ కోటకు మాత్రం సఫారీ టికెట్ అక్కర్లేదు. త్రినేత్ర గణేశుడి గుడి అక్కడే ఉంది కాబట్టి బుధవారం జనం ఎక్కువ, వేరే రోజు చూసుకోండి. పైనుంచి పద్మ తలావ్ చెరువు, దాని ఒడ్డున జోగీ మహల్ చక్కగా కనిపిస్తాయి.

నా మనసు నిలిచిపోయింది మాత్రం భరత్‌పూర్‌లోని పక్షుల నేషనల్ పార్క్ కేవలాదేవ్‌లోనే. మొత్తం 29 చదరపు కిలోమీటర్లే. అదీ సహజంగా ఏర్పడిన చిత్తడి నేల కాదు. పల్లపు భూమికి గట్లు, తూములు కట్టి, అజాన్ బంధ్ అనే జలాశయం నీళ్లు మళ్లించి, బాతుల వేట కోసం రాజులు తయారు చేయించుకున్నది. పార్కులోని కేవలాదేవ్ శివాలయం దగ్గర వేట లెక్కలు చెక్కిన రాతిపలకలున్నాయి. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో చంపిన పక్షులు 4,273. అది చదివి తల తిప్పితే పక్కనే నీళ్లలో బాతులు. చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

తర్వాతి కథ ఇంకా చిక్కుది. నేషనల్ పార్క్ అయ్యాక 1982లో పశువుల మేతను నిషేధించారు. గొడవలై, పోలీసు కాల్పుల్లో ఊళ్లవాళ్లు కొందరు చనిపోయారు. గేదెలు రాకపోయేసరికి గడ్డి విపరీతంగా పెరిగి నీటి మడుగులను కమ్మేసింది. మేత వల్ల చిత్తడి నేలకు మేలే జరిగేదని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో తేలింది. మనుషుల్ని బయట పెడితే ప్రకృతి దానంతటదే బాగుపడుతుందనే వాళ్లు ఒకసారి ఇక్కడికి రావాలి. సైబీరియా కొంగలు కూడా 2002 తర్వాత ఇటు రాలేదు.

ఇక్కడ జీపు సఫారీ లేదు. నడక, సైకిల్ లేదా రిక్షా. మొదటిరోజు రిక్షా తీసుకోండి. చాలామంది రిక్షావాళ్లకు పక్షులు బాగా తెలుసు, ఏ చెట్టు మీద గుడ్లగూబ ఉంటుందో కూడా చెబుతారు. రెండోరోజు సైకిల్ అద్దెకు తీసుకుని మీ ఇష్టం. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట పొగమంచు దట్టంగా ఉంటే ఏమీ కనబడదు, రైళ్లూ ఆలస్యమే. అప్పుడు తెల్లారగట్ల గేటు దగ్గర నిలబడి టెన్షన్ పడేకంటే మంచు విడిచాక వెళ్లడం మేలు. 8x42 బైనాక్యులర్ సరిపోయింది.

తర్వాత చూడబోయేది మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్, రీవా రాజుల వేట అడవి. 1968లో నేషనల్ పార్క్ అయింది. దగ్గరి స్టేషన్ ఉమరియా. జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ జోన్లు (అడవి లోపలి సఫారీ భాగాలు) మూసేస్తారు, బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. నాకు తాలా జోనే కావాలి, శేషశయ్య మీద పవళించిన విష్ణువు రాతి విగ్రహం ఆ జోన్‌లోనే ఉంది. బుకింగ్ తెరవగానే ప్రయత్నిస్తాను.