చెయ్యి ఒకటి, కోచ్‌లు ఇద్దరు

అమెరికాలో పిల్లల బేస్‌బాల్ పోటీలైన లిటిల్ లీగ్‌లో పిచర్‌గా (బ్యాటర్‌కి బంతి విసిరేవాడిగా) ఆడుతున్న పన్నెండేళ్ల పిల్లాడితో బెంగళూరులో వైట్‌ఫీల్డ్‌కో సర్జాపూర్ రోడ్డుకో తిరిగొచ్చే తెలుగు కుటుంబాలు ఇప్పుడు కొత్త కాదు. వచ్చిన నెలలోపే వాడికి రెండు టైమ్‌టేబుళ్లు ఏర్పడతాయి. శనివారం సాయంత్రం బేస్‌బాల్ ఆడే నలుగురైదుగురితో పిచింగ్, ఆదివారం పొద్దున ఆరింటికి క్రికెట్ అకాడమీ. బౌండరీ దగ్గర్నుంచి వాడు విసిరిన బంతి నేరుగా కీపర్ చేతుల్లో పడేసరికి క్రికెట్ కోచ్ ముఖం వెలిగిపోతుంది. అప్పట్నుంచి ప్రతి ఫీల్డింగ్ డ్రిల్‌లోనూ వాడిదే డీప్ మిడ్‌వికెట్. ముందురోజు సాయంత్రం అదే చెయ్యి అరవై పిచ్‌లు (బ్యాటర్‌కి విసిరే బంతులు) వేసొచ్చిందని ఆయనకు తెలియదు. మర్నాడు ఈయన యాభై త్రోలు విసిరించాడని బేస్‌బాల్ కోచ్‌కు తెలియదు. రెండూ కూడగలిగింది ఇంట్లోవాళ్లే.

వాడి వేగం ఎంత అని అడిగేవాళ్లే అంతా. అది చివర చూడాల్సిన అంకె. ముందు చూడాల్సింది ఎన్నిసార్లు విసిరాడో పుస్తకంలో రాసుకున్న లెక్క.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ మేజర్ లీగ్ బేస్‌బాల్, అక్కడి జాతీయ సంఘం యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 9-10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 పిచ్‌లు, 11-12 వాళ్లు 85, 13 నుంచి 16 దాకా 95 మించకూడదు. అసలు పట్టు విశ్రాంతి రోజుల్లో ఉంది. 14 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకు 20 పిచ్‌ల దాకా విశ్రాంతి అక్కర్లేదు. 21-35 వేస్తే ఒక రోజు, 36-50కి రెండు, 51-65కి మూడు, 66 నుంచి ఆపైన ఎన్ని వేసినా నాలుగు రోజులు. లిటిల్ లీగ్ 2007లోనే ఇన్నింగ్స్ లెక్క వదిలేసి పిచ్‌ల లెక్కకు మారింది. బేస్‌బాల్‌లో ముగ్గురు ఔటయ్యేదాకా సాగే ఒక ఇన్నింగ్స్ తొమ్మిది బంతుల్లో ముగియొచ్చు, ముప్పై అయిదూ పట్టొచ్చు, చేతికి ఆ రెండూ ఒకటి కావు మరి.

లెక్క తప్పేది ఎక్కడంటే, స్కోరుబుక్కులో పడనివాటి దగ్గర. ఆటకు ముందు వార్మప్‌లో పాతిక, ప్రతి ఇన్నింగ్స్‌కూ ముందు ఎనిమిది దాకా, పిచింగ్ ముగిశాక క్యాచర్‌గా (క్రికెట్ కీపర్ లాంటివాడు) కూర్చుని తిరిగి విసిరినవి. అందుకే లిటిల్ లీగ్‌లో ఒక రోజు 41 పిచ్‌లు వేసినవాడు ఆ రోజుకి క్యాచర్‌గా కూర్చోకూడదన్న నిబంధన ఉంది. లెక్కలో పడని త్రోలు విసిరే ఆ పాత్ర క్రికెట్‌లో బౌండరీ ఫీల్డర్‌ది. క్రికెట్‌లో ఓవర్లకు హద్దులున్నాయి. ఇంగ్లండ్ బోర్డు సూచనలు చాలాకాలం 13 ఏళ్ల లోపు ఫాస్ట్ బౌలర్‌కు స్పెల్‌కి 5 ఓవర్లు, రోజుకు 10 అన్నాయి. 14-15 ఏళ్లకు 6, 12. కానీ బౌండరీ నుంచి పూర్తి బలంతో విసిరే త్రోని ఏ స్కోరరూ రాయడు. మోచేతికి సంబంధించినంతవరకు అది పిచ్ లాంటిదే, కొన్నిసార్లు ఇంకా కష్టం, ఎందుకంటే పరుగులో అటూ ఇటూ అయిన కాళ్ల మీద నుంచి విసురుతాడు. బౌలింగ్‌లో మోచేయి దాదాపు తిన్నగా ఉంటుంది కాబట్టి దాని మీద భారం తక్కువ, ఆ భారం నడుం కింది వెన్నుపూసల మీదికి పోతుంది. అందుకే ఓవర్లనీ పిచ్‌లనీ ఒకే గడిలో కలపకండి. పుస్తకంలో మూడు గళ్లు: పిచ్‌లు, బంతులు, గట్టి త్రోలు. పిచ్‌లకూ త్రోలకూ కలిపి విశ్రాంతి రోజులు లెక్కేయండి, బౌలింగ్‌ని విడిగా చూడండి.

లెక్కపెట్టడానికి యాప్‌లేవో వెతుక్కోనక్కర్లేదు. పూజాసామాను కొట్లో వేలికి ఉంగరంలా పెట్టుకునే జపం కౌంటర్ దొరుకుతుంది. గోవింద నామాలకు తాతయ్య వాడేది. గ్రౌండ్ అంచున కుర్చీ వేసుకుని కూర్చున్న తాతయ్యకు ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉండదు.

బెంగళూరు వాతావరణం గురించి అందరూ మెచ్చుకోలుగానే మాట్లాడతారు. పిచర్ చేతికి మాత్రం అది శత్రువు. మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో అయితే మంచు పడి దానంతటదే మూడు నాలుగు నెలలు ఆట ఆగిపోతుంది. ఇక్కడ జనవరిలోనూ ఆడొచ్చు, మేలోనూ ఆడొచ్చు, వానొస్తే ఇండోర్ నెట్స్ ఉన్నాయి. పిచ్ స్మార్ట్ ఏడాదికి కనీసం నాలుగు నెలలు విసరడం మానేయమంటుంది, అందులో రెండు మూడు నెలలు వరసగా. అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ కుర్ర పిచర్ల మీద చేసిన పరిశోధనలో ఏడాదికి ఎనిమిది నెలలకు మించి పిచింగ్ చేసినవాళ్లకు ఆపరేషన్ దాకా వెళ్లే ముప్పు అయిదు రెట్లు కనిపించింది. చెయ్యి అలిసిపోయినా తరచూ వేసినవాళ్లకైతే 36 రెట్లు. కాబట్టి సెలవు మనమే తయారుచేసుకోవాలి. జూన్ నడిమి నుంచి ఆగస్టు చివరిదాకా ఒక ముక్క, ఫిబ్రవరి-మార్చి పరీక్షల వేళ ఇంకో ముక్క అయితే ఇక్కడి స్కూళ్లకు కుదురుతుంది. ఆ నెలల్లో ఫుట్‌బాల్, పరుగు, సైకిల్ ఏదైనా సరే. ఒక్క మాట, దసరాకో వేసవికో ఊరెళ్లినప్పుడు సెలవే కదా అనుకుంటాం. మామిడి చెట్టు మీదికి పిన్ని పిల్లలతో పోటీపడి రాళ్లు విసిరే మధ్యాహ్నం ఒక బుల్‌పెన్ సెషన్‌తో (పిచర్ల ప్రాక్టీసుతో) సమానం.

ఇక నొప్పి సంగతి. ఇద్దరు కోచ్‌లకూ అందని సమాచారం ఇది, ఇంట్లో తెలుగు ఉన్నవాళ్లకు దొరికే వరం కూడా. అక్కడ పెరిగిన పిల్లాడికి చేతి బాధకు ఉన్న మాట ఒక్కటే, ‘సోర్’. క్రికెట్ కోచ్ ‘నోవిదెయా’ (నొప్పుందా) అని కన్నడలో అడిగితే ‘ఐయామ్ గుడ్’ అంటాడు. మన భాషలో నొప్పికి ఎన్ని రకాల మాటలున్నాయో అన్ని రకాల జబ్బుల జాడలున్నాయి, వాటిని వాడికి నేర్పాలి.

పిచింగ్ చేసిన మర్నాడు భుజం వెనకా ముంజేతి కండలోనూ ‘పట్టేసింది’ అంటే కంగారు లేదు, ఒకటి రెండు రోజుల్లో వదులుతుంది. బంతి వదిలే క్షణాన మోచేతి లోపలివైపు బుడిపె దగ్గర ‘గుచ్చుతోంది’ అంటే ఆ రోజుకు ఆట ఆగిపోవాలి. ఆ బుడిపె దగ్గర ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోని గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తని పొర) ఉంటుంది, మగపిల్లల్లో అది సుమారు 15-17 ఏళ్లకు గానీ మూసుకోదు. పెద్దవాళ్లలో లిగమెంట్ తెగే చోట పిల్లల్లో ఆ ప్లేట్ లాగుకుపోతుంది, దాన్నే లిటిల్ లీగ్ ఎల్బో అంటారు. భుజం కింద, చేతి పైభాగంలో ‘పీకుతోంది’ అంటే భుజం దగ్గరి గ్రోత్ ప్లేట్‌ని అనుమానించాలి. చిటికెన వేలూ ఉంగరపు వేలూ ‘తిమ్మిరెక్కాయి’ అంటే మోచేతి వెనకగా పోయే నరం నలుగుతోందని అర్థం. ఒక్క బంతికి ‘కలుక్కుమంది’ అన్నా, రాత్రి పడుకున్నాక ‘సలుపుతోంది’ అన్నా రేపటిదాకా ఆగొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మాటల్లో చెప్పని పిల్లాడు అన్నం దగ్గర చెబుతాడు. కుడిచేత్తో కలపడం తగ్గించి చెంచా అడుగుతున్నాడా, ఊరగాయ సీసా మూత తిప్పలేక అక్కకు ఇస్తున్నాడా, దూరంగా ఉన్న గిన్నె అందుకుంటే మోచేయి పూర్తిగా చాపుకుంటోందా, ఇవి నాన్నమ్మ కంటికి ముందు పడతాయి. అయితే ఆవిడ నూనె మర్దన కండల వరకే. ఎముక బుడిపెని నొక్కడం, చెయ్యి లాగి విరవడం వద్దు. పుత్తూరు కట్టు మీద ఎంత నమ్మకమున్నా గ్రోత్ ప్లేట్ విషయంలో ముందు ఎక్స్‌రే తీయించాలి.

పదిహేను రోజులకోసారి ఇంట్లో ఓ పది నిమిషాలు కేటాయిస్తే చాలా తెలుస్తుంది. రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి ముందుకు చాపమనండి. విసిరే చెయ్యి రెండోదానంత తిన్నగా రాకపోతే ఆ వారం విసరడం లేదు. తర్వాత నేల మీద చాప వేసి వెల్లకిలా పడుకోబెట్టి, చేతిని భుజం ఎత్తున పక్కకు చాపి, మోచేయి 90 డిగ్రీలు వంచి, ముంజేయి పైకప్పు కేసి నిలబెట్టండి. ఒకరు భుజం ముందుభాగం లేవకుండా తేలిగ్గా అదిమి ఉంచాలి. ఇంకొకరు ముంజేతిని కాళ్లవైపు వంచి ఆగినచోట ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో కోణం రాసుకోవాలి, తర్వాత తలవైపు. రెండో చేతికీ ఇలాగే. పిచర్లకు విసిరే చెయ్యి వెనక్కి (తలవైపు) ఎక్కువ, ముందుకు (కాళ్లవైపు) తక్కువ తిరగడం మామూలే. రెండు కోణాల మొత్తం మాత్రం ఎడమకీ కుడికీ దాదాపు సమానంగా ఉండాలి. అయిదు డిగ్రీలు దాటి తగ్గితే కన్నేసి ఉంచండి. ముందుకు తిరగడం ఒక్కటే రెండో చేతికన్నా 20 డిగ్రీలు తగ్గితే ఫిజియోకి చూపించండి.

మెట్టు మీద ఒంటికాలితో నిలబెట్టి నెమ్మదిగా అయిదుసార్లు కిందికి వంగి లేవమనండి. మోకాలు లోపలికి ఒరిగిపోతుంటే తుంటి బలం చాలడం లేదు, కాళ్లు మోయని భారం చేతికి చేరుతుంది. బౌలింగ్ కూడా చేసే పిల్లాణ్ని ఒంటికాలి మీద నిలబడి నడుం వెనక్కి వంచమనండి. అక్కడ ఒకవైపు నొప్పి వస్తే వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అనుమానం, బౌలింగ్ ఆ పూటే ఆగాలి. తొలిదశలో దాన్ని ఎక్స్‌రే తరచూ పట్టుకోలేదు, ఎమ్మారై కావాలి. తేలితే నెలల తరబడి విశ్రాంతే.

గుమ్మం పక్క గోడ మీద నెలనెలా ఎత్తు గీత గీయండి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లకు మించి పెరుగుతుంటే పిచ్‌లలో మూడోవంతు కోసేయడం మంచిదని మా అభిప్రాయం. ఎముకలు ముందు పరిగెత్తి కండలు వెనకబడే కాలం అది. 13 నిండగానే మౌండ్ (పిచర్ నిలబడి విసిరే దిబ్బ) దూరం 46 అడుగుల నుంచి ఒక్కసారిగా 60 అడుగుల 6 అంగుళాలకు పెంచడం కూడా అప్పుడే జరుగుతుంటుంది, మధ్యలో 50 అడుగుల మెట్టు ఒకటుందని మరచిపోయి. బంతి బరువూ చూసుకోండి. బేస్‌బాల్ 142-149 గ్రాములు, పెద్దల క్రికెట్ బంతి 156-163, చిన్నపిల్లలది 133-144. నెట్స్‌లో చిన్న బంతి కనబడకపోతే చేతికందిన పెద్దది ఇచ్చేయడం మామూలే.

సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నది ఫోన్ స్లో మోషన్‌లో తెలుస్తుంది. ప్రాక్టీసులో మొదటి అయిదు బంతులు, చివరి అయిదు, ఒకే చోటు నుంచి పక్కగా తీయండి. ముందుకాలు నేల తాకే ఫ్రేమ్ దగ్గర ఆపండి. అప్పటికి మోచేయి భుజం ఎత్తుకు వచ్చి ఉండాలి, నడుం తిరగడం మొదలై ఛాతీ ఇంకా తిరగకుండా ఉండాలి. చివరి అయిదింటిలో మోచేయి కిందికి జారినా, అడుగు పొట్టిదైనా, బంతులు పైపైకి పోతున్నా, ఒక్కో పిచ్‌కీ మధ్య వ్యవధి పెరుగుతున్నా అది అలసట. లెక్క 40 దగ్గరే ఉన్నా సరే ఆపాల్సిందే. కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) నేర్పాలా అన్న ప్రశ్న ఈ పరీక్ష దాటాకే. ఫాస్ట్‌బాల్, చేంజప్ (వేగం తగ్గించి వేసే బంతి) రెండూ చెప్పినచోట పడనంతవరకూ దాని జోలికి వెళ్లక్కర్లేదు.

పిచర్ బౌలింగ్‌కి వస్తే ఇంకో చిక్కు. మోచేయి వంచి విదిలించే అలవాటుతో బంతి వేస్తే చకింగ్ అంటారు. బంతి వేసేటప్పుడు వంగిన మోచేయి తిన్నగా అవడాన్ని ఐసీసీ 15 డిగ్రీల దాకానే ఒప్పుకుంటుంది. అనుమానం ఉంటే వెనక నుంచి వీడియో తీసి కోచ్‌తో ముందే మాట్లాడండి, అంపైర్ వేలెత్తి చూపేదాకా ఆగకుండా.

రింకూ సింగ్ (క్రికెటర్ కాదు), దినేశ్ పటేల్ పేర్లు ఇక్కడి తల్లిదండ్రుల నోట తరచూ వినబడతాయి. 2008లో బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు చేతి బలంతో మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం సంపాదించారు నిజమే. అప్పటికే వాళ్ల ఎముకలు ఎదిగిపోయిన వయసు. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ దాకా చేరలేదు కూడా.

డాక్టరు దగ్గర ‘క్రికెట్ ఆడతాడు’ అని ఊరుకుంటే ఆయన బ్యాటింగ్ అనుకుంటాడు. వారానికి ఎన్ని గట్టి త్రోలు, ఎప్పట్నుంచి, నొప్పి బంతి వదిలేటప్పుడా తర్వాతా, ఈ మూడూ చెప్పండి, లెక్కల పుస్తకం చూపించండి. రెండు మోచేతులకీ ఎక్స్‌రే తీయించమని అడగండి, ఎదిగే పిల్లల్లో పోల్చి చూస్తేనే తేడా కనబడుతుంది. నొప్పి మాత్ర వేసి ఆడించడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

వేసవిలో అమెరికా వెళ్లి వారంలో మూడు క్యాంపుల్లో వేగం కొలిచే రాడార్ గన్ ముందు నిలబెట్టే ప్రణాళిక ఉంటే ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాలు 15 మీటర్ల నుంచి వారానికి మూడు రోజులు పాతిక తేలిక త్రోలు. తర్వాత రెండు వారాలు 25-30 మీటర్ల నుంచి 40. అయిదో వారం చదునైన నేల మీద సగం వేగంతో 20 పిచ్‌లు, ఆరోవారం మౌండ్ మీద 25. ఏ మెట్టులో గుచ్చినా వెనకటి మెట్టుకు దిగాలి.

ఇద్దరు కోచ్‌లకీ శనివారం రాత్రి ఒకే వాట్సాప్ సందేశం వెళ్తే సరిపోతుంది. ‘ఇవాళ 62 పిచ్‌లు. ఆది, సోమ, మంగళ విసరడు, ఆదివారం బౌలింగూ లేదు. బ్యాటింగ్ చేస్తాడు. ఫీల్డింగ్‌లో దయచేసి స్లిప్‌లో నిలబెట్టండి.’