ఇంట్లో పనిచేస్తుంది, పొలంలో చేయదు

మొన్న సంక్రాంతి సెలవుల్లో నా రిమోట్ విమానం తుమ్మచెట్టెక్కింది. భువనగిరి దాటాక తెలిసినవాళ్ల పొలం ఒకటుంది. ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ అని చూసుకుని అక్కడ ఎగరేస్తుంటాను. మాది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర, హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దూరమేమీ కాదు. ఇంటి చుట్టుపక్కల ఎగరేసే ఆలోచన కూడా పెట్టుకోలేం.

రెండో ఫ్లైట్ అది. విమానం వంద మీటర్లు కూడా పోలేదు, రిమోట్‌లోని ఆడగొంతు సిగ్నల్ తక్కువగా ఉందని మొదలుపెట్టింది. విమానంలోని రిసీవర్ తనకి సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో తిరిగి రిమోట్‌కి చెబుతూ ఉంటుంది. నా దాంట్లో ఆ అంకె 45కి పడితే మొదటి హెచ్చరిక, 42కి పడితే ఇక గోల. రెండు హెచ్చరికల మధ్య నాకు ఊపిరి తీసుకునే టైమ్ కూడా దొరకలేదు. సిగ్నల్ తెగినప్పుడు పనిచేసే ఫెయిల్‌సేఫ్ పడింది, మోటార్ ఆగింది, విమానం మెల్లగా జారుతూ వెళ్లి తుమ్మకొమ్మల్లో కూర్చుంది. ఫోమ్ విమానం కాబట్టి ముళ్లు దిగి గట్టిగా పట్టుకున్నాయి. దించడానికి రెండు వెదురుగడలు, ఒక పాలేరు, గంటన్నర పట్టింది.

రిసీవర్ పోయిందనుకున్నాను. విమానం పడితే ముందు అనుమానం విమానంలో ఉన్నదాని మీదకే పోతుంది కదా. పద్నాలుగు వందలు పెట్టి కొత్తది వేశాను. ఇంట్లో పెట్టి చూస్తే అన్నీ టకటకా కదిలాయి. మళ్లీ ఆదివారం పొలానికి వెళ్తే అదే కథ. ఈసారి ముందు జాగ్రత్తగా దగ్గర్లోనే తిప్పుతున్నాను కాబట్టి దించేశాను. నాతో వచ్చిన ఫ్రెండ్ దగ్గరా అదే మోడల్ రిమోట్ ఉంది. దాన్ని నా రిసీవర్‌కి జతచేసి (బైండ్ చేసి) అదే విమానం ఎగరేస్తే, పొలం అవతలి గట్టుదాకా పోయినా గొంతు విప్పలేదు. అంటే జబ్బు రిమోట్‌ది. పద్నాలుగు వందలు దండగ.

రిమోట్‌లో రేంజ్ టెస్ట్ అని ఒకటుంటుంది. అది నొక్కితే పవర్ బాగా తగ్గి, రిమోట్ అందే దూరం ముప్పయ్యో వంతుకి పడిపోతుంది. విమానాన్ని నేలమీద పెట్టి ముప్పై అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచి, స్టిక్ కదిపితే రెక్కలు కదలాలి. మా కాలనీ రోడ్డు మీద ఆ టెస్ట్ చేశాను. పాసైంది! అప్పుడు మొదలైంది అసలు టెన్షన్. ఇంటిదగ్గర మంచిది, పొలంలో చెడ్డది. మా ఆవిడ అయితే "పొలంలో దిష్టి తగులుతోందేమో, నిమ్మకాయ కట్టండి" అంది. నవ్వడానికి నాకు మనసు రాలేదు.

కొని అప్పటికి ఎనిమిది నెలలు. వారంటీ ఏడాది. ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్లని అడిగితే "మేం పది రోజుల్లోపు మార్చి ఇస్తాం, తర్వాత కంపెనీతో మీరే మాట్లాడుకోవాలి" అన్నారు. కంపెనీ షెన్‌జెన్‌లో. వాళ్లకి మెయిల్ రాస్తే జవాబు మర్యాదగానే వచ్చింది, కాకపోతే ప్రతిసారీ ఒక కొత్త మనిషి, ప్రతిసారీ "దయచేసి వీడియో పంపండి". నాలుగో వీడియో తర్వాత రెండు దారులు చూపించారు: రిమోట్ మాకు పంపండి, పంపే ఖర్చు మీది, లేదా సిగ్నల్ పంపే బోర్డు మేం అమ్ముతాం, మీరే మార్చుకోండి.

పంపడానికి కొరియర్ ఆఫీసుకి వెళ్తే ముందు అడిగింది బ్యాటరీ గురించే. లోపల రెండు లిథియం సెల్స్ ఉన్నాయని చెప్పగానే అతను పెట్టెని నావైపు తోశాడు. సెల్స్ తీసేస్తే తీసుకుంటానన్నాడు. వాళ్లు చెప్పిన రేటు మూడువేల ఎనిమిది వందలు, అదీ ఒకవైపుకే. రిమోట్ ధర తొమ్మిదిన్నర వేలు. ఇక తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్. రిపేరుకని పంపి వెనక్కి తెప్పించుకునే వస్తువుకి పూర్తి ధర మీద కాకుండా, రిపేరు ఖర్చు, రానుపోను రవాణా, ఇన్సూరెన్స్ మీద మాత్రమే సుంకం వేసే వెసులుబాటు ఉంది, కస్టమ్స్ నిబంధనల్లో. అయితే వెళ్లింది, వచ్చింది ఒకే వస్తువని చూపించే కాగితాలు పంపేటప్పుడే తయారుచేసుకోవాలి. పైగా 2022 ఫిబ్రవరిలో డ్రోన్ల దిగుమతిని ఆపేశారు. విడిభాగాలకి ఆ నిషేధం లేదు, నాది డ్రోనూ కాదు. కానీ పార్సెల్ విప్పే మనిషికి ఆ స్టిక్స్, ఆ యాంటెనా చూస్తే ఏమనిపిస్తుంది? నాకు ధైర్యం చాలలేదు.

కేంద్ర వినియోగదారుల శాఖవారు 2022 డిసెంబరులో పెట్టిన రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ కూడా తెరిచి చూశాను. అందులో ఉన్నవి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు–ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు. మా షెన్‌జెన్ వాళ్లు నాకు అక్కడ కనబడలేదు.

సరే, ఊళ్లోనే చూద్దామనుకున్నాను. మొదట వెళ్లింది హాబీ షాపుకి. అమ్ముతాం గానీ రిపేర్లు చేయం అని ముఖం మీదే చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. తర్వాత వెళ్లింది ఒక సెల్‌ఫోన్ రిపేర్ షాపుకి. అక్కడ నిజాయితీ తక్కువ, ఉత్సాహం ఎక్కువ. ఆ కుర్రాడు నేను పూర్తిగా చెప్పేలోపే వెనక మూత ఊడదీశాడు. ఏవో రెండు వైర్లు పీకి పెట్టాడు, స్విచ్ వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. కౌంటర్ మీద నా రిసీవర్‌కి తగిలించి చూస్తే అన్నీ కదులుతున్నాయి. "బాగానే ఉంది కదన్నా" అన్నాడు. దూరం పోతే పనిచేయదు తమ్ముడూ అంటే కాసేపు చూసి, "ఐసీ పోయింది, రెండున్నర వేలైతది" అన్నాడు. బాగానే ఉన్నదానికి ఐసీ ఎలా పోయిందో నాకు అర్థం కాలేదు. వెనక్కి తీసుకుని ఇంటికొచ్చి చూస్తే, కుడి స్టిక్ పక్కకి తోస్తే తోక కదులుతోంది, ముందుకి తోస్తే రెక్కలు కదులుతున్నాయి. ప్లగ్గులు అటుదిటు పెట్టాడన్నమాట. వెనక మూతకి ఒక స్క్రూ కూడా తక్కువ. చూసుకోకుండా అలాగే ఎగరేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటే చేతులు చల్లబడ్డాయి.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పాడు, వెనక వీధిలో ఒక పెద్దాయన రేడియోలు బాగుచేస్తారని. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారట. ఈసీఐఎల్ 1967లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ. అది చేసిన ఈసీ టీవీలు ఇళ్లల్లో ఉన్న రోజుల్లో వాటిమీదే పనిచేసిన మనుషులు ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఇంకా ఉన్నారు. మనమే వెతకం. ఆయన వరండాలో ఒక బల్ల, టేబుల్ ల్యాంపు, భూతద్దం, ఎవరిదో పాత యాంప్లిఫయర్.

రిమోట్ చేతికిచ్చాను. ఆయన మూత తీయలేదు. స్విచ్ కూడా వేయలేదు.

"పడిందా బాబూ ఎప్పుడైనా?"

"లేదంకుల్."

"ఎలా మోసుకెళ్తావ్?"

"బైక్ మీద. బ్యాక్‌ప్యాక్‌లో."

"యాంటెనా మడిచా?"

మడిచే. లేకపోతే జిప్ పడదు.

"ఇంటిదగ్గర టెస్ట్ చేసినప్పుడు యాంటెనా ఎలా పెట్టావు? పొలంలో ఎలా పెడతావు?"

నోట మాట రాలేదు నాకు. కాలనీ రోడ్డు మీద యాంటెనా నిటారుగానే ఉంది. పొలంలో మాత్రం పద్ధతి ప్రకారం పక్కకి వంచుతాను. యాంటెనా కొన విమానంవైపు చూస్తే సిగ్నల్ బలహీనంగా పోతుంది, అందుకని వంచి, దాని పక్కభాగం విమానానికి ఎదురుగా ఉండేలా పెట్టుకోవాలని మొదట్లోనే నేర్పారు. నేను బుద్ధిగా చేసిన పనే కొంప ముంచుతోంది. చూపించిన ప్రతి చోటా, తీసిన నాలుగు వీడియోల్లో కూడా, యాంటెనా నిటారుగానే ఉంది!

అప్పుడు మూత తీశారు. బోర్డు మీద బియ్యపుగింజంత కనెక్టర్, దానిలోంచి నల్ల దారంలాంటి కేబుల్ బయల్దేరి యాంటెనా కీలులోంచి పైకి పోతోంది. కనెక్టర్ని గోటితో పీకలేదు, సన్నటి పట్టకారుతో తిన్నగా పైకి లేపారు. ఈ రకంవి ఒక ముప్పై సార్లు తీసి పెట్టడానికే లెక్కగట్టి చేస్తారట. యాంటెనా పైతొడుగు లాగేస్తే లోపల కేబుల్ చివర మూడు సెంటీమీటర్ల పైచిలుకు వైరు మాత్రం బయటికి ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు పన్నెండు సెంటీమీటర్లు, అందులో నాలుగోవంతు ఇది. సిగ్నల్ బయటికి పోయేది ఈ ముక్కలోంచే. మల్టీమీటర్ ఒక మొన కనెక్టర్ మధ్యలో, ఇంకోటి ఆ వైరు కొసకి పెట్టారు. బీప్. కీలు దగ్గర వంచారు. ఆగిపోయింది. నిలబెట్టారు. బీప్.

నేనే పదిసార్లు వంచి వంచి చూశాను. రెండున్నర నెలల టెన్షన్ ఆ చిన్న చప్పుడులో ఉందని తెలిశాక మనసు తీరలేదు.

లోపలి రాగితీగ కీలు దగ్గర విరిగింది. నిటారుగా ఉన్నప్పుడు రెండు ముక్కలు ఒకదానికొకటి తగులుతున్నాయి, వంచితే విడిపోతున్నాయి. విడిపోయినా కౌంటర్ మీద మూడడుగుల దూరానికి ఆ లీకయ్యే సిగ్నలే సరిపోతుంది. అందుకే ఏ షాపులో పెట్టి చూసినా నా రిమోట్ మంచి పిల్లాడే.

ఆయన భయపడింది మాత్రం ఇంకోదానికి. "ఆ షాపులో యాంటెనా పీకి స్విచ్ వేశాడా?" అని రెండుసార్లు అడిగారు. యాంటెనా లేకుండా ఆన్ చేస్తే బయటికి పోవాల్సిన పవర్ వెనక్కి తిరిగి యాంప్లిఫయర్ చిప్ మీదే పడుతుంది, ఒక్కోసారి అది కాలిపోతుంది. ఆ కుర్రాడు పీకిన వైర్లలో అది ఉందో లేదో నేను గమనించలేదు. కొత్త కేబుల్ వేసేదాకా తెలియదు, తెచ్చుకో అన్నారు.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. మూడో షాపులో కనెక్టర్‌తో సహా కేబుల్ దొరికింది, ఎనభై రూపాయలు. పరుగున తెచ్చి ఇస్తే, పెద్దాయన భూతద్దంలోంచి చూసి నవ్వారు. రౌటర్ బోర్డులకి వాడే పెద్ద సైజు అది. నాది దానికంటే చిన్నది, ఈమధ్య ల్యాప్‌టాప్ వైఫై కార్డులకి వస్తున్న రకం. కంటికి రెండూ ఒకటే. పాత కేబుల్ జేబులో పెట్టుకుని వెళ్లాలన్న బుద్ధి నాకు ఎందుకు పుట్టలేదో. చివరికి ఎక్కడ దొరికిందంటే, రిపేర్లు చేయం అన్న ఆ హాబీ షాపులోనే. రిసీవర్లకి వేసే స్పేర్ యాంటెనా, సరిగ్గా అదే కనెక్టర్, నూట ఇరవై. ముందే నేను "రిపేర్ చేస్తారా" అని కాకుండా "యాంటెనా ఉందా" అని అడిగుంటే ఇచ్చేవాళ్లే. అప్పటికి నాకు కావాల్సింది యాంటెనా అని తెలిస్తే కదా.

కేబుల్‌ని కీలులోంచి లాగేటప్పుడు లోపల కాస్త వదులు వదిలారు, వంచినప్పుడు బిగుసుకోకుండా. బోర్డు మీద కనెక్టర్ పక్కన ఒక చుక్క గమ్ పెట్టారు. తారుమారైన స్టిక్ ప్లగ్గులు సరిచేసి, స్టిక్స్ మళ్లీ క్యాలిబ్రేట్ చేయించారు. తర్వాత నాతోపాటు వీధిలోకి వచ్చి, విమానాన్ని ఒక గేటు ముందు పెట్టించి, యాంటెనా వంచించి, నిలబెట్టించి, పక్కకి తిప్పించి, ప్రతిసారీ ముప్పై అడుగులు నడిపించారు. వీధి పిల్లలు వెనకే వచ్చారు. అన్నిసార్లూ రెక్కలు కదిలాయి. చిప్ బతికే ఉంది.

మూడు వందలు తీసుకున్నారు. ఐదొందలిస్తే రెండు వందలు వెనక్కి ఇచ్చేశారు, ఆ లెక్కలో మొహమాటమేం లేదు.

ఇప్పుడు బ్యాక్‌ప్యాక్ మానేశాను. పాత మిక్సీ వచ్చిన అట్టపెట్టెలో స్పాంజి కోసి, యాంటెనా నిటారుగా నిలబడేలా గూడు చేశాను. బైక్ మీద వెనక కట్టుకుని వెళ్తుంటే జనం వింతగా చూస్తున్నారు గానీ ఇప్పటికి ఆరు ఆదివారాలు, ఆడగొంతు ఒక్కసారి కూడా పలకలేదు. షెన్‌జెన్ నుంచి మాత్రం మొన్న కూడా ఒక మెయిల్ వచ్చింది, ఐదో వీడియో కావాలట.

రిమోట్ ఇంకా పూర్తిగా బాగుపడినట్టు కాదు. ఆరోజు ఆయన స్క్రీన్ మీద ఛానెళ్ల అంకెలు చూస్తూ, ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా థ్రాటిల్ (మోటార్ వేగం) అంకె ఒకటీ రెండూ అటూ ఇటూ ఊగుతుండటం పట్టుకున్నారు. స్టిక్ ఎంత కదిలిందో కొలిచే పొటెన్షియోమీటర్ దాని కింద అరుగుతోందట, యాంటెనాకీ దీనికీ సంబంధం లేదట. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ రకం వేస్తే ఆ రాపిడే ఉండదన్నారు. ఇప్పుడే చేసేద్దామా అంకుల్ అంటే తల అడ్డంగా ఊపారు.

"వానాకాలంలో తీసుకురా. అప్పుడెలాగూ ఎగరేయవు కదా."