సంగమేశ్వరం దారిలో ఒక తిప్ప

సంగమేశ్వరం పోవాలనుకునేవాళ్ళు పంచాంగం కంటే ముందు శ్రీశైలం డ్యామ్ నీటిమట్టం చూసుకోవాలి. నిండితే 885 అడుగులు. అది 840 దరిదాపులకు దిగితే గానీ గుడి నేల బయటపడదు. డ్యామ్ కట్టాక మునిగిపోయిన ఆ గుడి మళ్ళీ జనానికి కనపడింది 2003లోనే. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పే వేపదారు (వేపచెక్క) లింగం అన్నేళ్ళు నీళ్ళలో నానినా చెక్కుచెదరలేదని కర్నూలులో ఎవరినడిగినా చెబుతారు. ఇప్పుడు కాగితాల మీద అది నంద్యాల జిల్లా. మాకు మాత్రం ఇంకా కర్నూలే.

ఈసారి ఎండలు ముదిరినా మట్టం ఇంకా ఊగిసలాడుతోంది. శిఖరం, గోడల పైభాగం తేలాయి, వాకిలి తేలలేదు. ఆత్మకూరు మీదుగా రోడ్డున పోతే ఒడ్డునే ఆగిపోవాలి, నీళ్ళ మీద పోయి శిఖరానికే దండం పెట్టుకుందామని మా ఆవిడ పట్టుబట్టింది. పొద్దున్నే నందికొట్కూరులో ఉగ్గాని తిని, ముచ్చుమర్రి రేవులో మరపడవ ఎక్కాం. మాతో మా అక్క పిల్లలిద్దరు. పడవలో నందికొట్కూరు కుటుంబం ఇంకొకటి, వాళ్ళ వెంట డెబ్బై దాటిన ఒక అవ్వ.

సగం దారిలో ఇంజన్ గట్టిగా కీచుమని ఆగిపోయింది. ఎవరో వదిలేసిన వల ఫ్యాన్‌కు చుట్టుకుంది. పడవబ్బాయి నీళ్ళలోకి దిగి వల కోసి తీశాడు గానీ, షాఫ్టు బోల్టు తెగిపోయింది. "యేం కాదు సార్, ముచ్చుమర్రి నుంచి బోల్టు తెప్పిస్తా. అంతదాంక ఆ తిప్ప మీద కూచోండి" అన్నాడు. అటుగా పోతున్న ఇంకో పడవలో మమ్మల్ని ఎక్కించమని మాలో ఒకాయన అడిగితే, "జనం ఎక్కువైతారు సార్, ఎక్కించను" అని తేల్చి చెప్పాడు. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగిన సంగతి ఈ నీళ్ళ మీద బతికేవాళ్ళు మర్చిపోలేదు. మా ఆవిడ టెన్షన్ పడుతున్నా, నాకు మాత్రం ఆ జవాబుతో అతని మీద గురి కుదిరింది.

తెడ్లు వేసుకుంటూ తిప్పకు చేరాం. అది మునిగిన గుట్ట పైభాగం. చుట్టూ గీత గీసినట్టు ఒక మట్టం కనిపిస్తుంది. గీతకు పైన రేగుకంపలు, నాలుగు మోదుగ చెట్లు, ఎండిన బోద. కిందంతా బోడి రాళ్ళు, పగుళ్ళిచ్చిన ఒండ్రు. నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

అవతలి వైపు పట్టలు కప్పిన గుడిసెలు రెండు మూడు ఉన్నాయి. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి చేపల కోసం వచ్చినవాళ్ళు. ఇసుక మీద సన్న చేపలు ఎండబెట్టారు, ఆ వాసన గాలికి మా దాకా వచ్చింది. పిల్లలు ఇసుకలో పరుగెత్తబోతే గుడిసెలోంచి ఒకామె కేకేసింది: "అటెల్లకండి బావూ, గుడ్లున్నాయి!" నిజమే, ఇసుకలో చిన్న గుంటల్లో మచ్చల గుడ్లు. ఇసుకకూ వాటికీ తేడా తెలియడం లేదు. నల్ల టోపీ, పసుప్పచ్చ ముక్కు ఉన్న పిట్టలు మా తలల మీదికి దూసుకొచ్చి అరుస్తున్నాయి. అవి ఏటా నీళ్ళు తగ్గాకే వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయట. ఆమె మాకు వేయించిన జెల్ల ముక్కలు కూడా పెట్టబోయింది. దర్శనం కాకుండా మేం తినం అని చెబితే నొచ్చుకోలేదు. పిల్లలే నొచ్చుకున్నారు. మేం తెచ్చుకున్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి ఆమెకూ కాస్త ఇచ్చాం.

ఇంతలో అవ్వ కనపడలేదు. చూస్తే నీళ్ళ అంచున రాళ్ళ వరుసల మధ్య నిలబడి ఉంది. అవి ఇళ్ళ పునాదులు. ఒక పక్కకు ఒరిగిన రోలు, దాని నిండా ఒండ్రు.

"ఇది మా గుట్టే నాయనా. దీని కిందనే మా ఊరు. అదో, ఆ నీళ్ళల్లో సుంకులమ్మ గుడి, దాని పక్కన మా కళ్ళం" అని వేలుపెట్టి చూపించింది. నాకు నీళ్ళే కనపడ్డాయి. ఆమె మాత్రం ఎవరి ఇల్లు ఎవరి పక్కదో వరసగా చెప్పుకుంటూ పోయింది. ఒక పేరు దగ్గర ఆగి, కోడలిని పిలిచి అడిగింది. పాపం ఆ కోడలికేం తెలుస్తుంది, అప్పటికి పుట్టనే లేదు.

సుమారు వంద ఊళ్ళు పోయాయి ఈ నీళ్ళ కింద. 1981లో ఇళ్ళు పడగొట్టి మరీ ఖాళీ చేయించారు. ఇంటికో ఉద్యోగమని 1986లో ఇచ్చిన జీవో 98 గురించి ముంపు ఊళ్ళ వాళ్ళు ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంటారు. అవ్వ పెద్దకొడుకు ఆ ఉద్యోగం కోసం ఎదురుచూసి చూసి వయసు దాటిపోయాడట. ఆమెకు అసలు కోపం మాత్రం ఇంకోచోట ఉంది.

"దేవుళ్ళను రాయి రాయికి నంబరేసి మోసకపోయిరి. మమ్మల్ని లారీలకెక్కించి యాడనో దింపిరి" అంది. కర్నూలు జగన్నాథగట్టు మీద ఉన్న రూపాల సంగమేశ్వరాలయం అలా ఈ ముంపులోంచి తరలించిందే. నేను ఆ మాట ఎత్తితే, "అది నేనూ చూసినా. బాగనే పెట్టినారు" అని ఒప్పుకుంది. "శివరాత్రికి సంగమయ్య కాడికి బండ్లు కట్టుకోని పోతాంటిమి. పడవ యాడిది అప్పుడు!"

పొద్దు వాలుతుండగా పుట్టిలో ఒకతను బోల్టు తెచ్చాడు. అది సైజు సరిపోలేదు. జాలరి గుడిసెలో పాత ఇంజన్ ఒకటి పడి ఉంటే దానిది తీసి బిగించారు. డబ్బులిస్తామంటే ఆ జాలరి తీసుకోలేదు, రేపు నాకూ అవసరం పడుతుందన్నాడు.

సంగమేశ్వరం చేరేసరికి వెలుతురు ఇంకా ఉంది. పడవలోంచే శిఖరాన్ని తాకి, పూలు వేసి, కొబ్బరికాయ కొట్టాం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి అని ఏడు నదుల పేర్లు చెప్పి తల మీద నీళ్ళు చల్లుకున్నాం. మిగతావన్నీ ఎగువనే కలిసిపోయి వస్తాయి, నల్లమల నుంచి కొత్తగా వచ్చి కలిసేది భవనాసి ఒక్కటే. నాకెందుకో దాని మీదే ఇష్టం. మా ఆవిడ చాలాసేపు కళ్ళు తెరవలేదు. చీకటి పడితే పడవ నడపనన్నాడు కాబట్టి ఒడ్డున దిగి ఆత్మకూరు మీదుగా జీపులో పోవాలని తేల్చుకున్నాం.

దిగేటప్పుడు పడవబ్బాయి, ఆలస్యమైంది కదా, డీజిల్ కూడా ఎక్కువైందని, మనిషికి ఇంకో యాభై అడిగాడు. మేమంతా జేబులు తడుముకుంటుంటే అవ్వ కొంగుముడి విప్పనే లేదు.

"సంగమయ్య కాడికి తెచ్చినందుకు ఇస్తి గదా. మా ఊరికి నేను పోయినందుకు నీకేం బాడుగ రా?"

పడవబ్బాయి నవ్వి ఎవరి దగ్గరా తీసుకోలేదు.