ఆడని ఆటకి ఎందుకెళ్లాలి?

"నేను ఆడని మ్యాచ్‌కి నేనెందుకమ్మా?" అన్నాడు మావాడు. చీలమండ బెణికింది, కొన్నాళ్లు సాకర్ ఆడొద్దన్నారు డాక్టరు. నేను అడిగిందల్లా టీమ్ పక్కన బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టి రమ్మని. రానన్నాడు. వాళ్ల నాన్న "వదిలెయ్, వాడిష్టం" అన్నారు గానీ నాకు వదలబుద్ధి కాలేదు, ఎందుకంటే మా నాన్న బతికినన్నాళ్లూ తను ఆడని ఆట పక్కన నిలబడ్డ మనిషి.

నాన్న కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి, 1979లో సఖినేటిపల్లి వైపు మా ఊళ్లోనే నర్సింగ్ హోమ్ పెట్టారు. నరసాపురం అవతలి ఒడ్డునే, మధ్యలో వశిష్ఠ గోదావరి. ఇప్పటికీ అక్కడ బళ్లూ మనుషులూ పంటు మీదే దాటుతారు. నొప్పులొస్తున్న ఆడవాళ్లని రాత్రిపూట రేవు దాకా తెచ్చి, దాటే దారిలేక తెల్లారేదాకా కూర్చోబెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ చూశారు కాబట్టే, టౌనులో ఉండిపొమ్మని ఎందరు చెప్పినా వినలేదట. కింద ఆపరేషన్ థియేటరు, పైన మంచాలు, వెనకాల మా ఇల్లు. దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లు, కోతలప్పుడు పాము కరిచినవాళ్లు, ఇంక కాన్పులకైతే లెక్కే లేదు.

సాయంత్రం ఓపీ అవగానే హైస్కూలు గ్రౌండుకి వెళ్లిపోయేవారు. ఆయన ఏనాడూ వాలీబాల్ ముట్టుకోలేదు. కానీ కుర్రాళ్లకి బంతులు, నెట్టు, బనియన్లు, పక్క ఊళ్లో పోటీలకెళ్తే వ్యాను కిరాయి, భోజనాలు అన్నీ ఆయనవే. ఎవడికైనా కాలు బెణికితే అక్కడే మట్టిలో గొంతుకూర్చుని, వాడి పాదం తన మోకాలి మీద పెట్టుకుని క్రేప్ బ్యాండేజీ చుట్టేవారు. చెయ్యి చుడుతూనే ఉండేది, చూపు మాత్రం ఆట మీదే. పోనుపోను జట్టులో సగం మంది ఆయన చేతుల మీద పుట్టినవాళ్లే అయ్యారు. "వీడు ఎదురుకాళ్లతో పుట్టాడమ్మా, ఆ ఎగరడం చూడు" అని నాకు చూపించేవారు.

1996 నవంబరు 6 తుపాను రాత్రి నేను పదో తరగతి. తెల్లారేసరికి కోనసీమలో తోటలకి తోటలు నేలమట్టం, కరెంటు లేదు, మా వీధి పొడవునా కొబ్బరిమాన్లు అడ్డంగా పడి ఉన్నాయి. ఎవరూ కబురు పెట్టలేదు, వాలీబాల్ కుర్రాళ్లే గొడ్డళ్లు పట్టుకుని వచ్చేశారు. ఆ మధ్యాహ్నం లంకలోంచి ఒక నిండు గర్భిణిని నవ్వారు మంచం మీద మోసుకొచ్చారు. ఒక్కో మాను దగ్గరా ఇద్దరు ముందే దాటి నిలబడి, మంచం కింద పెట్టకుండా ఇటువాళ్ల దగ్గర్నుంచి అందుకోవడం, మళ్లీ నడవడం. చెప్పులు పోయి ఒకడి అరికాళ్ల నిండా రక్తం. వాళ్లలో మాకు చుట్టమైనవాడు ఒక్కడూ లేడు.

ఇదంతా మావాడికి చెప్పాను. వాడికి మా వైపు ఆటగాడంటే అమలాపురం సాత్విక్ సాయిరాజే, 2023లో ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం కొట్టాడనీ, గంటకి 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్‌కెక్కాడనీ నాకే చెప్తాడు. "తాతయ్య టీమ్‌లో ఎవరైనా నేషనల్స్ ఆడారా?" అనడిగాడు. లేదు, జిల్లా దాటలేదు. తుపాను సంగతి మాత్రం కదలకుండా విన్నాడు. అంతా విని, "వాళ్లందరూ తాతయ్యకి తెలుసు కదమ్మా. నా టీమ్‌లో వాళ్ల ఇళ్లెక్కడో కూడా నాకు తెలీదు" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. మేముండే ఈ పరాయి దేశంలో ప్రతి సీజనుకీ ట్రైఅవుట్స్ అని జట్టుకి మళ్లీ ఎంపికలు పెడతారు, పోయినేడాది ఆడినవాళ్లలో సగం మంది ఈ ఏడాది ఉండరు. ఫీజు కట్టామా, దింపామా, తీసుకొచ్చామా, అంతే. అయినా నాన్న గ్రౌండుకెళ్లిన మొదటి రోజుల్లో ఆ కుర్రాళ్లు ఆయన చేతుల మీద పుట్టినవాళ్లు కాదుగా, వెళ్లగా వెళ్లగానే తెలిశారు. వీడూ వెళ్తే తెలుస్తారని నా ఆశ. కానీ అమ్మ ఇప్పటికీ గ్రౌండు మాటెత్తితే ముఖం తిప్పుకుంటుంది. ఎన్ని రాత్రులు ఆయన కోసం అన్నం మూతపెట్టుకుని కూర్చుందో. నా స్కూలు వార్షికోత్సవానికి నాన్న రాలేదు, ఆ సాయంత్రం ఫైనల్స్ ఉన్నాయి. స్టేజి మీంచి జనంలో వెతుక్కున్నాను. అలాంటి నేను ఇప్పుడు నా కొడుకుని ఊరివాళ్ల ఆటకి వెళ్లమంటున్నాను, ఇది నాన్న మీద ప్రేమో, ఆరోజు దక్కనిదాని కోసం పంతమో నాకే తేలడం లేదు.

ఈ సంక్రాంతికి నాన్న పేరు మీద వాలీబాల్ పోటీలు పెడుతున్నారు. బహుమతులివ్వడానికి నన్ను రమ్మని తమ్ముడు ఫోన్ చేశాడు. జనవరిలో ఇక్కడ స్కూళ్లకి సెలవుల్లేవు, వెళ్లడం కుదరదు. మా కోసం చూడొద్దు, కాంపౌండరు గారి చేత ఇప్పించు, నాన్న పక్కన బ్యాండేజీ డబ్బా పట్టుకుని నిలబడింది ఆయనే కదా అన్నాను. మావాడు పక్కనుంచి విని, "వీడియో కాల్‌లో చూడొచ్చా?" అన్నాడు. అక్కడ సాయంత్రమంటే మాకు తెల్లవారుజాము. లేపమన్నాడు.